నీటినుండి తీసి తెచ్చుకొన్న అతిథి



నీట మునిగిపోవుచున్నవానిని గట్టునకు చేర్చినవాడు పుణ్యాత్ముడు. ఇందు సందేహము లేదు. కాని గట్టునకు చేరినవాడు ఆ పిమ్మట ఎవని సొత్తు? తన్ను రక్షించినవాని యింటనే యుండి, వాని చొక్కాయి తొడిగికొని, వాని మర్యాదలు నేర్చుకొని, బ్రతికినంతకాలము చేతులు కట్టుకొని నిలువవలెనా? లేక తడిబట్టలు పిండుకొని తన దారిని తాను పోవచ్చునా? ఈ ప్రశ్నను 1932వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ఒక హాస్యచిత్రము అడిగినది. దాని పేరు "బూడూ సోవే దెజో". అనగా "నీటినుండి రక్షింపబడిన బూడూ" అని యర్థము. ఆ చిత్రము పుట్టిన విధమును, దాని కథను, అటుపిమ్మట దానికి జరిగిన చరిత్రను ఈ పూట మీకు విన్నవింపదలచితిని.

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పిన పంతులు ఫ్రెంచి సినిమాను గూర్చి మాటలాడుట యేమని మీకు వింతగా తోచవచ్చును. కారణము చెప్పెదను. యాబదేండ్ల క్రిందట సంస్కృత పాఠశాలలో చదువునప్పుడు నేను వారములు చేసికొని బ్రతికితిని. ఆ యాచారము అప్పటికే సన్నగిల్లినది. అయినను ఆ యూర వారములిచ్చు నిండ్లు కొన్ని మిగిలియుండెను. అందొక యింట విస్తరి వేయకమునుపే నేను ఆ వారము నేర్చిన శ్లోకములను అప్పజెప్పవలసియుండెను. వచ్చిన చుట్టములకెల్ల నన్ను చూపి, వీడు మా యన్నము తిని పండితుడగుచున్నాడని ఆ గృహస్థు చెప్పుకొనెడివాడు. వేరొక యింట ఒక ముసలమ్మ విస్తరి వేసి, వడ్డించి, "తిను నాయనా" అని మాత్రము పలికి లోనికి పోయెడిది. రెండిండ్ల అన్నమును ఒక్కటే. అరుగుదలలో మాత్రము భేదముండెను. కొంతకాలము క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు తన యింట ఈ చిత్రమును నాకు చూపి, మాటల యర్థము చెప్పుచుండగా, ఆ రెండిండ్లును నా కన్నులకు గట్టినవి. అందుచేతనే యీ ప్రసంగము.

ముందుగా కాలమును తెలిసికొందము. చలనచిత్రములకు మాట వచ్చి అప్పటికి ఐదేండ్లు. 1927లో అమెరికాలో "ది జాజ్ సింగర్" అను చిత్రము వెలువడెను. 1931లో మనదేశమున హిందీ మాటలతో "ఆలం ఆరా" వచ్చెను. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద" వచ్చెను. మన తెలుగువారు పూర్తిగా తెలుగున మాటలాడిన చిత్రమును తొలిసారి చూచిన యేటనే, పారిసు నగరమున బూడూ తెరపైకి ఎక్కెను. ఇక్కడ స్తంభమునుండి నరసింహుడు వెలువడుచుండగా, అక్కడ నీటినుండి ఒక బిచ్చగాడు వెలువడెను.

కథ మొదట సినిమా కథ కాదు. రెనే ఫోష్వా అను నాటకకర్త 1919లో దీనిని రంగస్థలమునకై వ్రాసెను. ఆ పేరులోనే ఒక చమత్కారము కలదు. యూదుల పురాణమున మోషే అను ప్రవక్తను శిశువుగా నుండగా బుట్టలో పెట్టి నైలునదిలో విడిచిరి. ఆ దేశపు రాజపుత్రిక యా శిశువును తీసి పెంచినది. ఫ్రెంచివారు ఆ ఘట్టమును "నీటినుండి రక్షింపబడిన మోషే" అని వ్యవహరింతురు. ఫోష్వా ఆ మహాపురుషుని పేరు తీసివేసి, ఆ చోట ఒక దేశదిమ్మరి పేరు నిలిపెను. మనకును ఇట్టి కథ లేకపోలేదు. కుంతి నీట విడిచిన శిశువును రాధయు అధిరథుడును తీసి పెంచిరి. కర్ణుడు కడవరకును వారిని కాదనలేదు. తన్ను సభలో నిలబెట్టి అంగరాజ్యమిచ్చిన దుర్యోధనుని ఋణమును ప్రాణములిచ్చి తీర్చెను. ఋణభావమే కర్ణుని కథకు ఆయువుపట్టు. బూడూ కథ దీనికి తలక్రిందులు. వీనికి ఋణమనునది యొకటి కలదని తెలియనే తెలియదు.

ఈ నాటకమును చిత్రముగా తీసినవాడు జాన్ రెన్వార్. ఇతడు 1894లో జన్మించెను. ఇతని తండ్రి ఒగూస్త్ రెన్వార్ జగత్ప్రసిద్ధుడైన చిత్రకారుడు. బూడూ వేషము ధరించిన మిషెల్ సిమోన్ 1895లో జెనీవా నగరమున పుట్టినవాడు. చిత్ర నిర్మాణములోను అతనికి భాగము కలదు. అంతకు ముందటి సంవత్సరమే, 1931లో, వీరిద్దరును కలిసి "లా షియెన్" అను చిత్రము చేసి యుండిరి. సిమోన్ భారీ మనిషి, ముఖము మోటుది, కంఠము బొంగురు. అట్టి శరీరముతో చంటిపిల్లవాని చేష్టలు చేయుట అతని ప్రత్యేకత. నాయనలారా, మన విదూషకుని వికృతాకృతిని, వికృతవాక్కును, వికృతవేషమును గూర్చి లక్షణగ్రంథములలో చదివియున్న నాకు, ఆ లక్షణములన్నియు ఒక్క పాశ్చాత్యునియందు కూడుట చూచి ఆశ్చర్యము కలిగినది.

ఇక కథ జరిగిన చోటు. పారిసు నగరము నడుమ సేన్ నది పారును. ఆ నదిపై "పాన్ దెజార్", అనగా కళల వంతెన, యని యొకటి కలదు. నెపోలియన్ కాలమున 1801 మొదలు 1804 వరకు దానిని కట్టిరి. పారిసున ఇనుముతో కట్టిన తొలి వంతెన యదియే. బండ్లు పోవుటకు కాదు, మనుష్యులు నడచుటకు మాత్రమే. దాని యొక కొసను లూవ్ర్ అను పూర్వపు రాజభవనము; వేరొక కొసను ఫ్రెంచి విద్వత్పరిషత్తు కొలువుండు సౌధము. ఆ గట్టుననే పాతపుస్తకములు అమ్ముకొనువారు వరుసగా పెట్టెలు తెరచుకొని కూర్చుందురు. ఆ వంతెనకు తరువాత పడవల తాకిడి తగిలి, 1979లో కొంతభాగము కూలిపోయెను. 1981 మొదలు 1984 వరకు మరల కట్టినప్పుడు తొమ్మిది కమానులకు బదులు ఏడే పెట్టిరి. కావున చిత్రమున మనము చూచునది ఈనాడు లేని వంతెన. రాజుల భవనమునకును పండితుల భవనమునకును నడుమ, ఏ భవనమును లేని బూడూ నీటిలోనికి దుముకుటకు ఆ చోటు తగియున్నది.

వాడు దుముకుటకు కారణ మేమి? ఆకలి కాదు. వాని నల్లకుక్క ఉద్యానవనమున తప్పిపోయినది. కుక్క పోయినదని పోలీసువానితో చెప్పగా, ఆ పోలీసువాడు నిన్నే పట్టుకొనిపోవుదునని బెదరించెను. అంతలో నగలు ధరించిన యొక స్త్రీ వచ్చి తన కుక్క కానరాలేదనగా, అదే పోలీసువాడు వెదకుటకు ముందుకు వచ్చెను. దీనిని కేవలము హాస్యముగా తీసికొనరాదు. ఫ్రాన్సున 1810 నాటి శిక్షాస్మృతి ప్రకారము, ఇల్లును జీవనాధారమును వృత్తియును లేక తిరుగుటయే నేరము. దానికి మూడు మొదలు ఆరు మాసముల ఖైదు. ఆ నిబంధన 1994 వరకు పుస్తకమునుండి తొలగలేదు. మరియు 1929లో అమెరికాలో ఆరంభమైన ఆర్థికమాంద్యము 1931 మొదలు ఫ్రాన్సునకును సోకియుండెను. పనిలేనివారు వీథులలో పెరుగుచున్న కాలమది. కావున బూడూ ఆ దినమున కుక్కను మాత్రమే పోగొట్టుకొనలేదు. తన మొర వినువాడు లేడని తెలిసికొన్నాడు.

అదే ఉద్యానవనమున ఇంకొకటి జరిగినది. ఒక చిన్నపిల్ల వాని చేతిలో ఐదు ఫ్రాంకుల కాగితము పెట్టినది. ఎందుకని అడుగగా, రొట్టె కొనుక్కొనుటకని చెప్పినది. కొంతసేపటికి ఒక ధనికుడు మోటారుకారులో వచ్చెను. బూడూ తలుపు తెరచెను. ఆ ధనికుడు చిల్లర యిచ్చుటకు జేబులన్నియు తడవికొనుచున్నాడు, ఏమియు దొరకలేదు. అది చూచి బూడూ తన యొద్దనున్న ఆ ఐదు ఫ్రాంకులను అతని చేతిలో పెట్టి, రొట్టె కొనుక్కొమ్మని చెప్పి వెడలిపోయెను. చిత్రమంతటికిని ఇదియే తాళపుచెవి యని నా యభిప్రాయము. దానమునకు ఇచ్చువాడు పైవాడు, పుచ్చుకొనువాడు క్రిందివాడు అను నియమమును వాడు ఎరుగడు. వచ్చినది పుచ్చుకొనును, లేనివానికి ఇచ్చును, రెండింటను తలవంచడు.

ఆ గట్టుననే లెస్టింగ్వా అను పుస్తకముల వర్తకుని యంగడి కలదు. మీద అతని నివాసము. లెస్టింగ్వా చెడ్డవాడు కాడు. ఈ విషయమును మరువకుడు. కొనలేని విద్యార్థికి పుస్తకమును ఊరకయే యిచ్చువాడు. రసికుడు, ప్రాచీన గ్రీకుల కావ్యములలోని మాటలు నోట మెదలుచుండును. అయితే ఆ రసికత భార్య యెమ్మాయెడ కాక, పనికత్తె యైన ఆన్ మారీయెడ చెల్లుచుండెను. ఒకనాడు అతడు కిటికీనుండి దూరదర్శినితో వీథిలోని అందగత్తెలను చూచుచుండగా, బూడూ యద్దమున పడెను. అంతటి నిక్కమైన బిచ్చగానిని తానెన్నడు చూడలేదని మురిసిపోయెను. మరునిమిషమున ఆ బిచ్చగాడు వంతెనమీదినుండి దుముకుట కంటబడెను. వర్తకుడు మెట్లు దిగి, పరుగెత్తి, తానును నీట దుమికి, వానిని పైకి తెచ్చెను. జనులు మూగిరి, జయజయధ్వానములు చేసిరి. రక్షింపబడినవాడు మాత్రము సంతసింపలేదు. తన్నెవ్వరు తీయమనిరని వాని కోపము.

ఇట్లు అతిథి యింటికి వచ్చెను. ఎమ్మాకు మొదటినుండియు ఇష్టము లేదు. లెస్టింగ్వా తన దుస్తులిచ్చెను, పడక యిచ్చెను, సార్డిను చేపలతో ఆహారమిప్పించెను. అతిథి చేతులతో తినెను. పరుపు మెత్తగానున్నదని నేలపై పడుకొనెను. అదియు యజమానుడు రాత్రివేళ పనికత్తె గదికి పోవు దారికి అడ్డముగా! బూట్లకు మెరుగు పెట్టబోయి వంటింటినంతయు చిందరవందర చేసెను. కుళాయి విడిచి నీళ్లు పారించెను. నల్లచేతులను మంచముమీది పట్టుదుప్పటికి తుడిచెను. అంగడిలో కూర్చుండబెట్టగా, బోద్లేర్ మహాకవి రచించిన "పాపపుష్పములు" కావలెనని యొక గిరాకి అడిగెను. ఇది పూలయంగడి కాదని బూడూ వానిని పంపివేసెను.

ఇవన్నియు లెస్టింగ్వా సహించెను. ఓర్పు తెగినది ఒక్క దానితో. బాల్జాక్ అను గొప్ప గ్రంథకర్త వ్రాసిన "వివాహశాస్త్రము" అను పుస్తకమును తెరచి బూడూ అందులో ఉమ్మివేసెను. అప్పుడు ఆ యుదారుడు మండిపడెను. మనవంటివారిని తప్ప ఇతరులను రక్షింపరాదను మాట యతని నోటినుండి వెలువడెను. ఇక్కడ రెన్వార్ చూపిన నేర్పు గమనింపదగినది. పెళ్లినాటి ప్రమాణములను అతిక్రమించి పనికత్తెతో తిరుగువాడు, వివాహమును గూర్చిన పుస్తకముమీద ఉమ్మి పడినదని యాగ్రహించెను. ఉమ్మివేయుట తప్పే. కాని ఆ వివాహమును ముందుగా అపవిత్రము చేసినదెవరు? మనము పుస్తకమును నెత్తిన పెట్టుకొందుము. నేనైతే అంతకంటె నెక్కువ గంతులు వేసియుందును. అయినను ఆ ఘట్టము చూచునప్పుడు నవ్వు నామీదికే వచ్చినది.

పిమ్మట కథ వేగముగా నడచును. బూడూ క్షౌరము చేయించుకొని నున్నని ముఖముతో తిరిగివచ్చెను. ఎమ్మా యేకాంతమున నుండగా వాడామెపై చేయి వేసెను. చిత్రకారుడు దానిని వినోదముగా త్రిప్పి, ఆమె తుదకు సమ్మతించినట్లు చూపెను. ఈ భాగము నాకు నవ్వు తెప్పింపలేదని మీ యెదుట ఒప్పుకొనుచున్నాను. ఇల్లాలి మానము హాస్యమునకు పణము కారాదు. అంతలో బయట బాకాలు మ్రోగినవి. ప్రాణరక్షణ చేసినందుకు లెస్టింగ్వాకు ప్రభుత్వము వారి పతకము వచ్చెను. ఆ సందడిలోనే భార్య గుట్టు భర్తకు, భర్త గుట్టు భార్యకు తెలిసిపోయెను. పరోపకారమునకు పతకము, ఇంటి గుట్టు రట్టగుట, రెండును ఒక్క ఘడియలోనే. మరల అప్పుడే, యజమానుడు అదివరకు ఉదారముగా నిచ్చివేసిన లాటరీ చీటికి లక్ష ఫ్రాంకులు వచ్చినవి. ఇప్పుడు బూడూ బిచ్చగాడు కాడు, భాగ్యవంతుడు. ఆన్ మారీకి వానికి పెండ్లి కుదుర్చిరి. అందరి పరువును నిలిచినట్లయ్యెను.

పెండ్లివారు మార్న్ నదిలో పడవ యెక్కి పోవుచుండిరి. గట్టున వాద్యములు మ్రోగుచుండెను. పెండ్లికొడుకు నీటిమీది కలువపువ్వుకై చేయి చాచెను. పడవ తిరుగబడెను. తక్కినవారు తడిసి, వణకుచు గట్టున చేరి కూర్చుండిరి. బూడూ మాత్రము నీటివాలున తేలుచు పోయి, దూరముగా ఒడ్డెక్కి, పొలములోని దిష్టిబొమ్మ చింకిగుడ్డలు తాను తొడిగికొని, తన పెండ్లిబట్టలు దానికి వదలెను. దొరికిన రొట్టెను ఒక మేకతో పంచుకొని తినెను. లక్ష ఫ్రాంకులను, భార్యను, ఇంటిని, వాడు వెనుదిరిగి చూడలేదు. ఏ నీటినుండి వానిని తీసిరో, ఆ నీరే వానిని తిరిగి తీసికొనిపోయినది.

అయ్యలారా, చరిత్రదృష్టితో చూడగా ఈ తుది ఘట్టమే ముఖ్యము. ఫోష్వా నాటకమున ఇట్లు లేదు. అందు బూడూ ఆన్ మారీని పెండ్లాడి స్థిరపడును. నాటకమునకు నాయకుడు లెస్టింగ్వా. అతని యౌదార్యము ఒక మోటుమనిషిని మనిషిగా దిద్దినదని అందలి తాత్పర్యము. రెన్వార్ ఆ తుదిని మార్చి, నాయకత్వమును బూడూకు అప్పగించెను. దీనిచే నాటకకర్త మొదట అప్రసన్నుడై, కోర్టుకెక్కుదునని కూడ పలికెను. అతని కష్టము మనకు తెలియనిది కాదు. తన బిడ్డకు వేరొకడు వేరు పేరు పెట్టిన ఏ తండ్రి యూరకుండును? కాని ఆ మార్పుతోనే ప్రశ్న పుట్టినది. నాటకము, దయ జయించునని చెప్పినది. చిత్రము, ఆ దయలో సొంతదారుని గర్వమెంత యున్నదని యడిగినది.

ఆ ప్రశ్నకు తగినట్లే చిత్రమును తీసిరి. నాడు మాటల చిత్రములను గోడల నడుమ, కదలని యంత్రముల యెదుట తీయుటయే వాడుక. రెన్వార్ వీథికి పోయెను. దూరపు వస్తువును దగ్గరగా చూపు కటకమును దాచిపెట్టి, సిమోన్ నిజముగా పారిసు జనులనడుమ నడచుచుండగా వారికి తెలియకుండ చిత్రించెను. వీథి చప్పుడును, నీటి చప్పుడును ఉన్నవియున్నట్లు పట్టెను. ఇంటిలోపల తీసినప్పుడు, ముందుగది మొదలు వంటింటి కిటికీవరకు ఒకే చూపులో కానవచ్చునట్లు చేసెను. ఒక గదిలో యజమానుడు ఔదార్యమును గూర్చి మాటలాడుచుండగా, వెనుక దూరమున పనికత్తె ఆ యౌదార్యము మిగిల్చిన యంట్లు తోముచుండును. అతిథిని పిలుచువాడొకడు, మోయువారు వేరొకరు. ఈ సంగతి మన యిండ్లలోను నిజమే కదా. అతిథి వచ్చెనన్న కీర్తి అరుగుమీద కూర్చున్నవానిది. రాత్రి పొయ్యి మరల రాజేసినది లోపలివారు.

1932 నవంబరులో పారిసున విడుదలయైనప్పుడు ఈ చిత్రమునకు పెద్ద యాదరణ కలుగలేదు. తరువాతి తరమున ఆంద్రే బజాన్ అను విమర్శకుడును, అతని శిష్యులును దీని గొప్పతనమును చాటిరి. అమెరికాలో ప్రదర్శించుట 1967 వరకు జరుగలేదు. 1986లో పాల్ మజుర్‌స్కీ అను దర్శకుడు ఇదే నాటకమును అమెరికాకు తీసికొనిపోయెను. అందు నదికి బదులు ధనికుని పెరటిలోని ఈతకొలను. పుస్తకముల వర్తకునికి బదులు బట్టలు తగిలించు కొంకులు చేయించి కోటీశ్వరుడైనవాడు. ఆ చిత్రమున బిచ్చగాడు తుదకు వెడలిపోబోయి, మనసు మార్చుకొని, ఆ యింటికే తిరిగివచ్చును. 2005లో ఫ్రాన్సుననే జెరార్ జూన్యో దీనిని మరల తీసెను. అందు బూడూ వేషము జెరార్ దెపార్డ్యూది. ఒక్కొక్క కాలము ఈ యతిథిని ఒక్కొక్క విధముగ చూచినది. నిలుపుకొనవలెనని కోరిన కాలము కలదు, పోనిచ్చిన కాలము కలదు.

ఈ కథకు మనదేశముతోను ఒక సంబంధము కలదు. రెన్వార్ 1949లో కలకత్తాకు వచ్చెను. రూమర్ గాడెన్ వ్రాసిన నవలను ఆధారముగా గొని, హుగ్లీ నది యొడ్డున "ది రివర్" అను వర్ణచిత్రమును తీసెను. అది 1951లో వెలువడెను. ఆ దినములలో ప్రకటనల సంస్థలో చిత్రములు గీయు ఉద్యోగము చేయుచున్న బెంగాలీ యువకుడొకడు రెన్వార్ వెంట తిరిగి, చిత్రమునకు తగిన చోట్లను వెదకుటలో తోడ్పడెను. అతడే సత్యజిత్ రాయ్. 1955లో అతడు తీసిన "పథేర్ పాంచాలీ"లో, ఇంటిలో చోటు కలిగియు లేనట్లున్న ముసలి ఇందిర కథ మీలో కొందరెరుగుదురు. పేదయింటి యిల్లాలికి ఆమె ముద్ద బరువయ్యెను. ఆ యిల్లాలిని రాయ్ దుష్టురాలిగా చూపలేదు. లేమి ఎట్టి మనసునైనను గట్టిపరచునని చూపెను.

అదే రాయ్ 1991లో తన కడపటి చిత్రమును తీసెను. దానికి మూలము అతడే పూర్వము వ్రాసిన "అతిథి" అను చిన్న కథ. చిత్రము పేరు "ఆగంతుక్". ముప్పదియైదేండ్ల క్రిందట ఇల్లు విడిచిన మేనమామనని చెప్పుకొనుచు ఒక వృద్ధుడు కలకత్తాలోని మేనగోడలి యింటికి వచ్చును. నిజముగా మేనమామయా, ఆస్తికై వచ్చిన మోసగాడా యని ఇంటివారు అనుమానింతురు. స్నేహితుడైన న్యాయవాదిచే ప్రశ్నలు వేయింతురు. అతడు మాటాడక వెడలిపోవును. వారు వెదకికొని పోయి క్షమాపణ కోరుదురు. తుదకు తన వంతు ఆస్తినంతయు ఒక కవరులో పెట్టి మేనగోడలికే యిచ్చి, ఆ వృద్ధుడు మరల లోకసంచారమునకు పోవును. రెన్వార్ బూడూను చూచియే రాయ్ దీనిని వ్రాసెనని నేననను. కాని రెండు చిత్రములును ఒకే త్రాసును పట్టుకొన్నవి. అతిథి వచ్చి తూగుట కాదు. అతిథి రాకచే ఇల్లు తూగును. లెస్టింగ్వా యిల్లు తూగినది, తేలిపోయినది. కలకత్తా యిల్లు తూగినది, సిగ్గుపడినది, బాగుపడినది.

ఇక నా యిల్లు తూగిన సంగతి చెప్పి ముగించెదను. నేనింకను ఉద్యోగమున నుండగా, తండ్రిలేని విద్యార్థి యొకనిని రెండేండ్లు మా యింట నుంచుకొంటిమి. తెలివైనవాడు. కాని నా శ్లోకములయందు వానికి మనసు లేదు. తెల్లవారుజామున లేవడు, నేను చదువుమన్న పుస్తకము చదువడు, పెరటిలో పాడైన రేడియోలను విప్పుకొని కూర్చుండెడివాడు. చదువు ముగిసి, పని దొరికి, ఒకనాటి యుదయమున వెడలిపోయెను. ఉత్తరము లేదు. నేను అరుగుమీద కూర్చున్నప్పుడెల్ల వచ్చినవారితో ఈ మాట చెప్పుచుంటిని: ఎంత చేసితిమి, ఒక్క ఉత్తరముముక్క వ్రాయలేదు. ఒకనాడు లోపలినుండి నా భార్య విని, వాకిటిలోనికి వచ్చి, "ఏమండీ, ఆ పిల్లవానికి మనము అన్నము పెట్టితిమా, వడ్డీకి పెట్టితిమా?" అని యడిగి లోనికి పోయినది.

నేను జవాబు చెప్పలేకపోతిని. ఆ రెండేండ్లును వానికి వండిపెట్టినది ఆమె. ఉత్తరము రాలేదని యామె ఎన్నడును అనలేదు. అప్పుడు నాకు తెలిసినది: యాబదేండ్ల క్రిందటి ఆ రెండిండ్లలో నేను ఏ యింటి గృహస్థుడనైతినో. శ్లోకములు అప్పజెప్పించుకొన్న యాయనపై అన్నేండ్లు లోలోపల కినుక పెట్టుకొన్న నేను, ఆయన కూర్చున్న పీటమీదనే కూర్చుంటిని.

బూడూను మెచ్చుకొనుడని నేను చెప్పుటలేదు. వంటిల్లు పాడుచేసినవానిని, ఇల్లాలిని అవమానించినవానిని ఏ గృహస్థు మెచ్చును? అట్టివానిని గడప దాటించుటయును గృహధర్మమే. అతిథిని దేవునిగా చూడుమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటను మనము మర్యాదలకు మాత్రమే అన్వయించుకొందుము. నాకు తోచినంతవరకు అందు మరియొక యర్థము కలదు. దేవునికి నైవేద్యము పెట్టినవాడు దేవుడు తన యింటనే పడియుండవలెనని కోరడు. తనవలె నడచుకొమ్మని దేవునికి పాఠము చెప్పడు. లెస్టింగ్వా నీటిలో దుమికిన క్షణమున నిజమైన ధర్మాత్ముడు. అప్పుడతడు పతకమును తలపలేదు. గట్టెక్కిన పిమ్మట వానిని తన బిచ్చగాడు అనుకొన్న క్షణముననే ఆ ధర్మము తరుగనారంభించినది.

కావున, పెద్దలారా, మీ గ్రామములలో ఒక పిల్లవానికి చదువు చెప్పించుచున్నను, ఒక దిక్కులేనివానికి చోటిచ్చుచున్నను, దుముకునప్పుడు వెనుదీయకుడు. గట్టెక్కించిన పిమ్మట చేయి వదలుడు. వాడు ఉండిన ఉండును, పోయిన పోవును. మా పిల్లవాడు ఇంతవరకు ఉత్తరము వ్రాయలేదు. వాడెచ్చటనో రేడియోలు బాగుచేసికొనుచుండునని నా నమ్మకము. వానిలో నొక దానిలోనుండి ఈ ముసలిపంతులు గొంతు వాని చెవిని పడినచో, వానికి చెప్పవలసిన మాట ఒక్కటే యున్నది. నాయనా, నీవు మాకేమియు బాకీ లేవు.

సెలవు.